నాకా ఎత్తేశాక

ఉస్మానియా క్యాంపస్‌కి ఒక పక్క తార్నాక, అంబర్‌పేట వైపు పోతే గోల్నాక. నాకా అంటే తనిఖీ గేటు. తార్ అంటే తీగ గనక, ముళ్లతీగ కట్టిన గేటు వల్లే తార్నాకకి ఆ పేరొచ్చిందని చెబుతుంటారు. ఆ గేట్లు ఎప్పుడో పోయాయి. కానీ క్యాన్సర్ వార్డుల్లో ఇప్పుడు అందరి నోటా వినిపిస్తున్న ‘ఇమ్యూనో’ మందుల సంగతి నాకు ఆ మాటతోనే బోధపడింది. రక్తంలో తిరిగే టీ కణాలు ఒంటికి పోలీసులు. వాళ్లు మనవాళ్లనే కొట్టకుండా ఆపడానికి ఒంట్లో నాకాలున్నాయి. క్యాన్సర్ కణం తెలివిగా ఆ గేటు చాటున దాక్కుంటుంది. కొత్త మందులు గేటు ఎత్తేస్తాయి. ఆ తర్వాత దెబ్బలు దొంగకే పడతాయన్న పూచీ లేదు.

అసలు ఈ వైద్యం పుట్టిందే జ్వరంతో. 1891లో న్యూయార్క్ సర్జన్ విలియం కోలీ గడ్డలున్న రోగులకి కావాలనే సూక్ష్మజీవుల్ని ఎక్కించాడు. ఒళ్లు కాలిపోతేనే మందు పట్టినట్టు లెక్క. కొందరికి గడ్డ కరిగింది. ఒకరిద్దరు ఆ ఇన్‌ఫెక్షన్‌తోనే పోయారు. సైడ్ ఎఫెక్టూ వైద్యమూ ఒకటే అయిన రోజులవి. రేడియేషన్, కీమో వచ్చాక కోలీని మర్చిపోయారు.

1976లో కెనడాలో అల్వారో మొరాలెస్, మన భుజమ్మీద మచ్చ మిగిల్చే బీసీజీ టీకానే మూత్రాశయ క్యాన్సర్‌కి వాడి చూపించాడు. నేటికీ వాడుతున్నారు. మూత్రంలో మంట, ఒకటి రెండు రోజుల జ్వరం మామూలే. అరుదుగా ఆ సూక్ష్మజీవి ఒళ్లంతా పాకితే టీబీ మందులు వాడాల్సి వస్తుంది. తర్వాత వచ్చిన ఇంటర్‌ఫెరాన్‌తో ఒళ్లు నొప్పులు, దిగులు. ఇంటర్‌ల్యూకిన్-2 అయితే మరీ మొండిది: రక్తనాళాలు చెమర్చినట్టు కారి, బీపీ పడిపోయి, రోగి ఐసీయూకి చేరేవాడు.

హైదరాబాద్ ఈ కథలోకి తయారీదారుగా వచ్చింది. శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్-బి టీకా పని ఉస్మానియాలో మొదలై, సీసీఎంబీలో సాగి, 1997లో బజారుకొచ్చింది. కాలేయ క్యాన్సర్‌ని ముందే ఆపే టీకా అది. అదే కంపెనీ తర్వాత ఇంటర్‌ఫెరాన్ కూడా చేసింది. 2007లో డాక్టర్ రెడ్డీస్ క్యాన్సర్ మందు రిటుక్సిమాబ్‌ని ‘రెడిటక్స్’ పేరుతో తెచ్చింది. మొదటిసారి ఎక్కించేటప్పుడు చలి, వణుకు వస్తాయని ముందే పారాసెటమాల్, ఎవిల్ ఇస్తారు. నర్సు మొదట్లో చుక్క చుక్కగా వదిలి, రోగి ముఖం చూస్తూ వేగం పెంచుతుంది.

గేటు ఎత్తితే ఏమవుతుందో ఎలుకలు ముందే చెప్పాయి. సీటీఎల్‌ఏ-4 అనే నాకా జన్యువు లేకుండా పుట్టించిన ఎలుకలు మూడు నాలుగు వారాలకే చచ్చిపోయాయని 1995లో తేలింది. కోసి చూస్తే గుండెలో, కాలేయంలో, ఊపిరితిత్తుల్లో సొంత టీ కణాలే కిక్కిరిసి ఉన్నాయి. మరుసటి ఏడే జేమ్స్ ఆలిసన్, అదే గేటుని మందుతో ఎత్తితే ఎలుకల్లో గడ్డలు కరుగుతాయని చూపించాడు. 2018లో ఆయనకీ, పీడీ-1 అనే ఇంకో నాకాని కనిపెట్టిన తసుకు హోంజోకీ కలిపి నోబెల్ ఇచ్చారు. నాకు మాత్రం ఆ రెండు ఎలుకల కథల్నీ ఎప్పుడూ పక్కపక్కన పెట్టి చదవాలనిపిస్తుంది.

మనుషుల్లోనూ అంతే. 2003లో వెలువడ్డ అధ్యయనంలో మెలనోమా అనే చర్మ క్యాన్సర్ రోగులు 14 మందికి సీటీఎల్‌ఏ-4 గేటు ఎత్తే మందిస్తే ముగ్గురికి గడ్డలు తగ్గాయి, ఆరుగురికి సొంత అవయవాల మీదే తీవ్రమైన దాడి జరిగింది. 2010 నాటి పెద్ద పరీక్షలో రోగులు 676 మంది. మందుల వల్ల పోయినవాళ్లు 14 మంది, అందులో ఏడుగురు ఈ సొంతదాడితోనే. అయినా ఆయుష్షు పెరిగింది గనక 2011లో ఇపిలిముమాబ్ అనే ఆ మందుకి అమెరికాలో అనుమతి దొరికింది.

జుట్టు ఊడదట, వాంతులుండవట అని బంధువులు ఊరటపడతారు. చాలావరకు నిజమే. కానీ ఇక్కడి విరేచనాలు బయటి తిండి వల్ల వచ్చినవి కావు, పేగు మీద దాడి. మెడికల్ షాపు మాత్రతో రెండ్రోజులు ఆగి చూస్తే పేగుకి చిల్లు పడొచ్చు. పొడిదగ్గూ ఆయాసమూ ఊపిరితిత్తుల వాపు కావచ్చు. నీరసం థైరాయిడ్‌ది కావచ్చు. గుండె కండరానికి వాపొచ్చేది నూటికి ఒకరికన్నా తక్కువే గానీ, వస్తే ప్రాణం మీదికొస్తుంది. మందు ఆపిన నెలల తర్వాతా ఇవి తలెత్తొచ్చు. విరుగుడు స్టెరాయిడ్లు. త్వరగా మొదలుపెట్టి, మెల్లగా తగ్గించాలి.

ఖరీదు తట్టుకోలేక మన దేశంలో మోతాదు తగ్గించి చూశారు. ముంబై టాటా మెమోరియల్ డాక్టర్లు తల, మెడ క్యాన్సర్లలో చౌక మాత్రలకి తోడు మూడు వారాలకోసారి పీడీ-1 గేటు ఎత్తే నివోలుమాబ్ 20 మిల్లీగ్రాములు మాత్రమే కలిపితే, ఏడాది దాటి బతికినవాళ్లు 16.3 శాతం నుంచి 43.4 శాతానికి పెరిగారు. ఆ చౌక మాత్రల్లో ఒకటి మెథోట్రెక్సేట్.

ఇమ్యూనో తర్వాత వేళ్ల కీళ్లు వాచి, చొక్కా గుండీ కూడా పెట్టుకోలేకపోతే, స్టెరాయిడ్ మానలేని రోగులకి కొందరు డాక్టర్లు అదే మెథోట్రెక్సేట్ రాస్తారు. వారానికి ఒక్కసారే. దానివల్ల నోరు పుండ్లు పడకుండా మిగతా రోజుల్లో పసుపుపచ్చని ఫోలిక్ యాసిడ్ మాత్ర. ఫోలిక్ యాసిడ్‌ని తయారుచేసిందీ, దానికి విరోధిగా మెథోట్రెక్సేట్‌ని పుట్టించిందీ అమెరికాలో ఒకే ప్రయోగశాల, లెడర్లీ. అప్పుడు అక్కడ పరిశోధనలు నడిపించినాయన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.