మైలురాయి చెప్పిన కథ



ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని మన కార్యదర్శిగారు కబురు పెట్టినప్పుడు, సర్వీసు ముచ్చట్లు ఎలాగూ చాలామంది రాస్తారు కదా, నేను చూసివచ్చిన విదేశపు కొండల చరిత్ర రాద్దామనుకున్నాను. తీరా రాయడం మొదలుపెట్టాక, ఇదీ సర్వీసు ముచ్చటే అని తెలిసింది. చిత్తగించవలసిందిగా మనవి.

2019 వేసవిలో నేనూ, మా ఆవిడా ఫ్రాన్సు దేశంలో మా అమ్మాయి దగ్గర రెండు నెలలు ఉండి వచ్చాము. వాళ్ళుండేది క్లెర్మో ఫెరాన్ పట్టణం. దేశం నడిమధ్యలో ఉన్న ఓవెర్న్ అనే ప్రాంతానికి అది పెద్ద ఊరు. మిషెలిన్ టైర్ల కంపెనీ 1889లో పుట్టింది ఈ ఊళ్ళోనే. పట్టణం దాటితే అంతా పల్లెసీమ. పచ్చిక బీళ్ళు, ఆవుల మందలు, పెంకుటిళ్ళు. ఊరికి పడమటి దిక్కున గుమ్మటాలు బోర్లించినట్టు వరుసగా కొండలు. ఇంచుమించు ముప్ఫై కిలోమీటర్ల పొడవున ఎనభై దాకా ఉన్నాయి. అక్కడివారు కొండను ‘ప్వీ’ అంటారు. ఈ కొండలన్నీ అగ్నిపర్వతాలే. వేల ఏళ్ళుగా చల్లబడి, గడ్డీ చెట్లూ మొలిచి సాధువుల్లా కూర్చున్నాయి. 2018లో యునెస్కో వారు వీటిని ప్రపంచ వారసత్వ సంపదగా ప్రకటించారు.

వెళ్ళిన మర్నాడు సాయంత్రం ఊళ్ళోని పెద్ద చర్చికి తీసుకెళ్ళారు. 1248లో కట్టడం మొదలుపెట్టిన చర్చి. అడుగు నుంచి శిఖరం దాకా నలుపే.

“ఏమండీ, ఇదేమిటి, పొగచూరినట్టుంది?” అంది మా ఆవిడ.

గోడను చేత్తో తడిమి చూశాను. మసి కాదు, రాయే నలుపు. దగ్గరగా చూస్తే సన్నసన్నని చిల్లులు కనిపించాయి. ఊరికి ఉత్తరాన ఉన్న వోల్విక్ అనే పల్లె నుంచి తెచ్చిన రాయి అని మా అల్లుడు చెప్పాడు. ముప్ఫయ్యేళ్ళకు పైగా రాళ్ళతో, కంకరతో, రోడ్లతో బతికినవాణ్ణి కనుక ఆ రాయి సంగతి తెలుసుకోవాలనిపించింది. ఆ రెండు నెలలూ దాని కథే చదివాను, తిరిగి చూశాను.

కథ 1751లో మొదలవుతుంది. గెటార్ అనే శాస్త్రజ్ఞుడు, తన మిత్రుడు మాల్జెర్బ్‌తో కలిసి పారిస్ నుంచి దక్షిణంగా ప్రయాణం చేస్తున్నాడు. మూలాన్ అనే ఊరి దగ్గర ఆయన చూపు దారి పక్కనున్న మైలురాళ్ళ మీద పడింది. నల్లటి రాళ్ళు. ఇటలీ అగ్నిపర్వతాల నుంచి వచ్చిన లావా ముక్కల పోలిక వాటిలో కనిపించింది. ఈ రాయి ఎక్కడిదని అడిగితే, వోల్విక్ గని నుంచి అన్నారు. అంతే, ఆ రాయి వెంట బయలుదేరాడు. వోల్విక్ చేరి, గని చూసి, కొండలెక్కి, నోరు తెరుచుకున్న బిలాలు చూసి, ఇవన్నీ ఒకప్పుడు నిప్పులు కక్కిన కొండలేనని నిర్ధారణ చేసుకున్నాడు. 1752లో పారిస్‌లోని సైన్సు అకాడమీ ముందు ఆ సంగతి వెల్లడించాడు.

ఫ్రాన్సు మధ్యలో అగ్నిపర్వతాలేమిటని అప్పట్లో విన్నవారు ఆశ్చర్యపోయారు. అప్పటికే ఆ నల్లరాతి చర్చి మొదలై 500 ఏళ్ళు దాటింది. తరతరాలుగా జనం ఆ రాయితో ఇళ్ళు కట్టుకున్నారు, దాని మీదే నడిచారు, దారి కొలతలకు దాన్నే పాతుకున్నారు. అది ఎక్కడిదో అందరికీ తెలుసు, ఏమిటో మాత్రం తెలియదు. నేనూ నా సర్వీసులో ఎన్ని మైలురాళ్ళకు సున్నం కొట్టించానో, ఎన్నిటి మీద అంకెలు రాయించానో లెక్కలేదు. అంకె సరిగా ఉందా లేదా అని చూశానే తప్ప, అంకె కింద ఉన్న రాయిని ఏనాడూ చూడలేదు.

ఈ కొండల్లో పెద్దది ప్వీ ద డోమ్. ఎత్తు 1,465 మీటర్లు. 2012 నుంచి పైదాకా మన ఊటీ రైలు మాదిరిగా పళ్ళ పట్టా మీద నడిచే రైలు ఉంది కనుక మోకాళ్ళ నొప్పులవారికీ భయం లేదు. మా ఆవిడ కిటికీ పక్కన కూర్చుని హాయిగా ఎక్కింది. పైనుంచి చూస్తే తూర్పున లిమాన్ మైదానం, పొలాల గళ్ళు. దక్షిణాన 1,885 మీటర్ల సాన్సీ శిఖరం. ఉత్తరాన పక్కనే పారియూ కొండ. పారియూ నెత్తిన పెద్ద మూకుడులా గుంట, అందులో పచ్చగడ్డి. మేము నిలుచున్న ప్వీ ద డోమ్‌కు మాత్రం అటువంటి గుంట లేదు. దీని లావా చిక్కనిది. పారకుండా పైకి ఉబికి, ఉబికినచోటే గడ్డకట్టింది. అది జరిగి సుమారు 11,000 ఏళ్ళు.

ఈ కొండకు శాస్త్ర చరిత్రలో మరో గొప్ప స్థానం ఉంది. గాలికి బరువు ఉందా లేదా అన్న వాదన తేలింది ఇక్కడే. క్లెర్మోలో పుట్టిన పాస్కల్ పారిస్‌లో ఉండి, ఊళ్ళో ఉన్న తన బావగారు పెరియేకు ఉత్తరం రాసి ఈ పని అప్పగించాడు. 1648 సెప్టెంబరు 19న పెరియే పాదరసం గొట్టాలు సిద్ధం చేసుకుని, ఒకదాన్ని కింద మఠం తోటలో కాపలా పెట్టి, రెండోదాన్ని కొండపైకి మోసుకుపోయాడు. పైన పాదరసం కిందికన్నా దాదాపు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు తగ్గింది. కింద మఠంలో రోజంతా చూస్తూ కూర్చున్న ఫాదరీగారు మాత్రం తన గొట్టంలో మార్పేమీ లేదన్నారు. పైకి పోయేకొద్దీ మన మీద గాలి బరువు తగ్గుతుందని అలా రుజువయింది. తుపాను వార్తల్లో ‘హెక్టాపాస్కల్’ అన్న మాట వింటున్నాం కదా, అది ఆయన పేరే. కోస్తావాళ్ళం, ఆ మాట విలువ మనకు వేరే చెప్పనక్కరలేదు.

కొండపైన 1876లో వాతావరణ పరిశోధనాలయం ప్రారంభించారు. దాన్ని కట్టే రోజుల్లో తవ్వితే, రోమన్ల కాలపు మెర్క్యురీ దేవాలయం పునాదులు బయటపడ్డాయి. ఇప్పుడు ఆ గోడలను బాగుచేసి చూపిస్తున్నారు. ఎత్తయిన చోట దేవుణ్ణి నిలపడం మన పద్ధతి మాత్రమే కాదన్నమాట.

మళ్ళీ రాయి దగ్గరకు వస్తాను. గెటార్ తరువాత 1763లో దెమారె అనే ఆయన వచ్చాడు. ఈయన ప్రభుత్వోద్యోగి, పరిశ్రమల తనిఖీ అధికారి. ఉద్యోగరీత్యా తిరుగుతూ ఆ కొండలు చూశాడు. నల్లటి బసాల్టు రాయి స్తంభాలు పేర్చినట్టు నిలబడి ఉండటం, ఆ స్తంభాలు లావా ప్రవాహంలో భాగమే కావడం గమనించాడు. ఆ రోజుల్లో బసాల్టు సముద్రపు నీటిలో పేరుకున్న రాయి అని చాలామంది పెద్దల నమ్మకం. విచిత్రమేమంటే అగ్నిపర్వతాలను కనిపెట్టిన గెటార్ కూడా 1770లో బసాల్టు నీటి రాయే అని రాశాడు. ఒక నిజం చూసిన కన్ను పక్కనే ఉన్న రెండో నిజాన్ని చూడలేకపోయింది. దెమారె మాత్రం కొండ తరువాత కొండ నడిచి, లావా ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో పటం గీశాడు. ఎవరైనా వాదానికి వస్తే, ‘వెళ్ళి చూడండి’ అని మాత్రమే అనేవాడని చెబుతారు.

తిరుగు ప్రయాణానికి వారం ముందు మా మనవడు పట్టుబట్టి లాంతెజీ అనేచోటికి తీసుకెళ్ళాడు. అది ఒక క్వారీ. రెండో ప్రపంచ యుద్ధం తరువాత రోడ్ల పనికీ, కట్టడాలకూ అగ్నిపర్వతపు గులకరాయి తవ్వుతూ పోతే కొండ లోపలి భాగం బయటపడింది. ఎర్ర పొర, నల్ల పొర, మధ్యలో లావా ఎగదన్నిన దారి, అన్నీ కోసిన పండులా కనిపిస్తాయి. తవ్వకం సాగుతుండగానే 1990లలో జనాన్ని చూడనిచ్చారు. 2007లో తవ్వకం ఆపేశారు. పాత యంత్రాలను కూడా అలాగే ఉంచారు. వాటిని చూస్తే నాకు మా క్యాంపు గుర్తొచ్చింది.

“మా దగ్గరా ఇలాంటి నల్లరాయి ఉందిరా” అన్నాను మనవడితో. నిజమే. గోదావరికి పడమట, నాటి పశ్చిమ గోదావరి జిల్లా పంగిడి, దుద్దుకూరు ప్రాంతంలోనూ, అవతలి గట్టున రాజమండ్రి పక్క కాతేరులోనూ ఉన్నది లావా రాయే. 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ నాడు పడమటి కనుమల వైపు పొంగిన లావా, పాత నదీలోయల వెంట సుమారు వెయ్యి కిలోమీటర్లు పారి అక్కడికి చేరిందని భూగర్భ శాస్త్రజ్ఞుల భావన. ఆ లావా పొరల నడుమ సున్నపురాయి, అందులో ఆనాటి గవ్వలు ఉన్నాయి.

1974 ప్రాంతంలో నేను ఆ వైపు క్వారీ పనులు చూశాను. ఒకరోజు కూలీలు తెల్లటి పెళ్ళ ఒకటి తెచ్చి, “అయ్యగారూ, రాతిలో గవ్వలున్నాయండీ” అని చూపించారు. పక్కన పారేయమన్నాను. ఎం-బుక్కులో నల్లరాయి ఎన్ని ఘనపు మీటర్లో రాసి, ఆ పొరను పనికిరాని మట్టి కింద జమకట్టాను.

“అయితే తాతయ్యా, నేను వచ్చినప్పుడు ఆ కొండ చూపిస్తావా?” అన్నాడు మనవడు.

చూపించడానికి ఆ గుట్ట లేదు. నేను పనిచేసినచోట ఇప్పుడు వాననీరు నిలిచిన గుంట ఉంది. ఆ మాటే వాడికి చెప్పాను. వాడు ఇంకేమీ అడగలేదు.

రోడ్డు వేయడం తప్పని నేను అనను. ఆ కంకరతో వేసిన రోడ్ల మీదే పల్లెలకు బస్సు వెళ్ళింది, పురిటి నొప్పులు పడుతున్న ఆడకూతురు ఆసుపత్రి చేరింది. ఆ పనిలో నాకు భాగం ఉన్నందుకు ఇప్పటికీ సంతోషమే. కాని తవ్వేటప్పుడు ఒక్కసారి చూసి, ఆ గవ్వల రాయి ఒకటి పక్కన పెట్టి, కాలేజీలో చెప్పవలసినవారికి చెప్పి ఉంటే రోడ్డు ఆగేది కాదు. లాంతెజీలోనూ తవ్వారు. తవ్వుతూ చూశారు.

అందుకని మన సభ్యులకు ఒక మనవి. మనలో చాలామంది సెక్షన్లలో, క్వారీల్లో, కాలవ పనుల్లో జీవితం గడిపినవాళ్ళమే. ఫలానా ఊళ్ళో ఫలానా గుట్ట ఉండేది, దాని రాయి ఈ రంగులో ఉండేది, ఇన్నో ఏట తవ్వాము, లోపల ఇది కనిపించింది అని గుర్తున్నంత మటుకు ఒక కాగితం మీద రాసి సంఘం కార్యాలయానికి పంపండి. ఇంకా మిగిలిన గుట్టలుంటే మనవల్ని వెంటబెట్టుకుని వెళ్ళి చూపించండి. నా కాగితం ఈ వ్యాసంతోపాటే పంపుతున్నాను. అందులో మొదటి పేరు, 1974లో నేను పారేయించిన ఆ గవ్వల పొరది.