కనిగిరి నుంచి కాలిఫోర్నియాకు, నాంపల్లి నుంచి బ్రసెల్స్‌కు

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల గోడల మీద, చేతికందే కరపత్రాల మీద దశాబ్దాలుగా ఒకే పిలుపు: ఫలానా సాఫ్ట్‌వేర్ కోర్సు, ఫలానా తేదీన డెమో క్లాసు, ఆపైన ఉద్యోగం. తొంభైల చివరి నుంచీ పల్లెల పిల్లలు ఇక్కడి హాస్టళ్ళలో ఉండి, కోర్సు ముగించి, అమెరికా విమానం ఎక్కుతున్నారు. ఆ దారి తెలుగువాళ్ళకు కొత్తదేమీ కాదు. అప్పటి నెల్లూరు జిల్లా కనిగిరికి చెందిన దరిశి చెంచయ్య 1912లోనే చదువుకోసం అమెరికా చేరారు. ఉద్యోగం బదులు ఆయనకు దొరికింది గదర్ పార్టీ, దాని వెంట జైలు.

చెంచయ్య చేరేనాటికి అమెరికా పశ్చిమ తీరంలోని భారతీయుల్లో ఎక్కువమంది పంజాబీ రైతులు, పటాలంలో పనిచేసి వచ్చినవాళ్ళు. కలప మిల్లుల్లో, పొలాల్లో కూలి చేసేవారు. 1907 సెప్టెంబరులో వాషింగ్టన్ రాష్ట్రంలోని బెల్లింగ్‌హామ్‌లో తెల్లవారి గుంపులు వాళ్ళ మీద పడి ఊరి నుంచే తరిమేశాయి. బ్రిటిష్ సైన్యంలో పనిచేసినవాళ్ళకు కూడా బ్రిటిష్ ప్రభుత్వం అండగా రాలేదు. ఈ అవమానానికి మాటలు అందించినవాడు లాలా హర్‌దయాళ్. స్టాన్‌ఫర్డ్‌లో భారతీయ తత్త్వశాస్త్రం బోధించిన ఆయన, 1913లో మిల్లు ఊళ్ళు తిరుగుతూ కూలీల ముందు ఉపన్యాసాలిచ్చారు. వినడానికి వచ్చినవాళ్ళు కష్టపడి కూడబెట్టిన డాలర్లను చందాగా ఇచ్చారు. ఓరెగన్‌లోని ఆస్టోరియాలో, తర్వాత గదర్ పార్టీగా పేరుపడిన సంఘం ఏర్పడింది. సోహన్ సింగ్ భక్నా అధ్యక్షుడు, హర్‌దయాళ్ కార్యదర్శి.

శాన్‌ఫ్రాన్సిస్కోలో హిల్ స్ట్రీట్ 436వ నంబరు ఇంటికి యుగాంతర్ ఆశ్రమం అని పేరు పెట్టి, 1913 నవంబరు 1న ‘గదర్’ వారపత్రిక తొలి సంచిక ఉర్దూలో తెచ్చారు. డిసెంబరుకల్లా గురుముఖి లిపిలోనూ వచ్చింది. ప్రెస్సు పనిలో చెమటోడ్చినవాడు కర్తార్ సింగ్ సరాభా. అప్పుడతని వయసు పదిహేడేళ్ళు. బ్రిటిష్ పాలన మీద పద్నాలుగు అభియోగాల పట్టికను పత్రిక ఎడతెగక అచ్చువేసేది: దేశం నుంచి తరలిపోతున్న సొమ్ము, కరువు చావులు, పన్నులు, సైన్యం మీద ఖర్చు. చదువురాని కూలీకి కూడా ఎవరైనా చదివి వినిపిస్తే చాలు, ఒంటికి పట్టే లెక్క అది. చందా అడగకుండా పత్రికను తపాలాలో కెనడా, హాంకాంగ్, సింగపూర్, పనామా దాకా పంపారు. బ్రిటిష్ ప్రభుత్వం సముద్ర కస్టమ్స్ చట్టం కింద భారతదేశంలోకి దాని రాకను నిషేధించింది. అయినా కవర్లలో మడిచి పంపిన ప్రతులు పంజాబు పల్లెలకు చేరాయి. ఉద్యోగ ప్రకటనల భాషను కూడా పత్రిక వాడుకుంది. 1914లో యుద్ధం రాగానే సిపాయిలు కావాలంటూ ఒక ప్రకటన వేసి, జీతం మరణమనీ పింఛను స్వాతంత్ర్యమనీ అందులో చెప్పింది. అది చదివి వేలమంది నిజంగానే ఓడలెక్కారు.

వాళ్ళు ఒంటరివాళ్ళు కారు. అమెరికాలోని ఐరిష్ విప్లవకారులు భారతీయులకు తమ ప్రెస్సులు, పరిచయాలు తెరిచి ఇచ్చారు. తారక్‌నాథ్ దాస్ నడిపిన ‘ఫ్రీ హిందుస్తాన్’కు న్యూయార్క్‌లో ‘గేలిక్ అమెరికన్’ పత్రిక మనుషులే ఆసరా. 1919లో ఐరిష్ నేత ఈమన్ డి వలేరా శాన్‌ఫ్రాన్సిస్కో వచ్చినప్పుడు గదర్ పార్టీ ఆయనకు కత్తి, ఐరిష్ జెండా బహూకరించింది. మరుసటి ఏడు న్యూయార్క్ సభలో ఆయన ఐర్లండ్, భారత్‌ల పోరాటం ఒక్కటేనని చేసిన ప్రసంగం పుస్తకంగా అచ్చయింది. మతమూ భాషా కలవని రెండు జాతులను కలిపింది ఉమ్మడి శత్రువే. ఆ పోరాటానికి గదర్ వీరులు ధర కూడా చెల్లించారు. సరాభాను 1915 నవంబరు 16న లాహోర్‌లో ఉరితీశారు. చెంచయ్య గదర్ పని మీద ఆసియాకు వచ్చి పట్టుబడి, యుద్ధ సంవత్సరాలు జైళ్ళలో గడిపారు. విడుదలయ్యాక సంఘ సంస్కరణలో దిగారు. ‘నేను–నా దేశం’ పేరుతో ఆత్మకథ రాశారు. గదర్ పుట్టుకను దగ్గరుండి చూసిన మనిషి స్వయంగా తెలుగులో రాసిన పుస్తకం అది. పంజాబు తన గదర్ వీరులను తలుచుకున్నట్లు తెలుగునాడు చెంచయ్యను తలుచుకోదు. అది సరికాదు.

అమీర్‌పేటలో మెట్రో ఎక్కితే పంజాగుట్ట, ఇర్రం మంజిల్, ఖైరతాబాద్, లక్డీకాపూల్, అసెంబ్లీ దాటాక నాంపల్లి వస్తుంది. అక్కడి గోల్డెన్ త్రెషోల్డ్ ఇల్లు సరోజినీ నాయుడి పేరుతో అందరికీ తెలుసు. ఆమె తమ్ముడు వీరేంద్రనాథ్ చట్టోపాధ్యాయ (చట్టో) మాత్రం, చెంచయ్యలాగే, ఈ నగరం మరిచిన బిడ్డ. 1880లో హైదరాబాద్‌లోనే పుట్టారు. తండ్రి అఘోరనాథ్ నిజాం కాలేజీకి మూలమైన హైదరాబాద్ కాలేజీని స్థాపించిన విద్యావేత్త. ఆయనను కూడా చాందా రైలుమార్గం వివాదంలో నిజాం ప్రభుత్వం రాజ్యం నుంచి పంపేసింది. ఆ ఇంట్లో ధిక్కారం కొత్త కాదు.

ఐసీఎస్ కోసం లండన్ వెళ్ళిన చట్టో, ఇండియా హౌస్ విప్లవకారులతో కలిశారు. వాళ్ళలో ఒకరైన మదన్‌లాల్ ధింగ్రా ఉరి తర్వాత 1909లో బెర్లిన్ పేరుతో వెలువడిన ‘తల్వార్’ పత్రికకు చట్టోనే సంపాదకుడు. న్యాయవిద్య సంస్థ మిడిల్ టెంపుల్ ఆయనను బహిష్కరించింది. పారిస్, బెర్లిన్, స్టాక్‌హోం తిరుగుతూ, తెలుగు, ఉర్దూ, బెంగాలీలతో మొదలైన తన భాషల సంఖ్యను పెంచుకుంటూ పోయారు.

1927 ఫిబ్రవరి 10న బ్రసెల్స్‌లోని ఎగ్మాంట్ భవనంలో వలస పీడిత దేశాల సభ మొదలైంది. సుమారు 170 మంది ప్రతినిధులు. కాంగ్రెస్ తరఫున జవహర్‌లాల్ నెహ్రూ, ఇండోనేషియా నుంచి మహమ్మద్ హట్టా, దక్షిణాఫ్రికా నుంచి జోసయా గుమెడె, సెనెగల్‌కు చెందిన లామిన్ సెంఘోర్. చైనా మీదికి భారతీయ సిపాయిలను పంపడాన్ని బ్రిటిష్, చైనా, భారత ప్రతినిధులు కలిసి ఖండించారు. పంపేవాడి దేశం, దెబ్బతినేవాడి దేశం, తుపాకి పట్టేవాడి దేశం ఒకే కాగితం మీద నిలిచాయి. ఆ సభలో పుట్టిన సామ్రాజ్యవాద వ్యతిరేక లీగ్‌కు బెర్లిన్ కార్యాలయంలో కార్యదర్శిగా చట్టో పనిచేశారు. ఆయన పుట్టిన నిజాం రాజ్యంలో మాత్రం గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు ప్రకారం అనుమతి లేకుండా బహిరంగ సభ పెట్టుకోవడానికి వీలుండేది కాదు.

లీగ్ ఎక్కువకాలం నిలవలేదు. మాస్కో విధానం మారి, కమ్యూనిస్టులు కానివారితో పొత్తు తప్పయింది. చివరికి నెహ్రూనే లీగ్ బయటికి పంపింది. హిట్లర్ రాకముందే చట్టో సోవియట్ దేశం చేరి లెనిన్‌గ్రాడ్‌లో పరిశోధకుడిగా ఉన్నారు. 1937లో స్టాలిన్ పోలీసులు అరెస్టు చేసి, సెప్టెంబరు 2న కాల్చి చంపారు. బ్రిటిష్ గూఢచారులు పాతికేళ్ళు వెంటాడినా అందని మనిషి, తాను నమ్మి ఆశ్రయం పొందిన రాజ్యం చేతిలో ప్రాణం పోగొట్టుకున్నారు. విప్లవ పత్రికల చరిత్ర రాసేవాళ్ళు ఈ చివరి పేజీని కూడా దాచకుండా రాయాలి.

చట్టో మళ్ళీ హైదరాబాద్ చూడలేదు గాని, ఆయన మాట్లాడిన సామ్రాజ్యవాద వ్యతిరేక భాష హైదరాబాద్‌లో ఆగిపోలేదు. అప్పటి మెదక్ జిల్లా అందోలులో 1908లో పుట్టిన మఖ్దూం మొహియుద్దీన్ సిటీ కాలేజీ అధ్యాపకుడిగా మొదలై కార్మికనేత అయ్యారు. కాంగో నేత పాట్రిస్ లుముంబాను 1961 జనవరి 17న చంపేస్తే, ఆయన కోసం ఉర్దూలో ‘చుప్ న రహో’ అనే కవిత రాశారు.