పంచాయతీకి నిధులొచ్చినా.. ఇంటి పన్నే దిక్కు! ఎందుకంటే?

తాగునీరు, వీధి లైట్లు, చెత్త సేకరణ.. అనంతపురం జిల్లా గార్లదిన్నె లాంటి కరవు సీమ ఊళ్లలో ఇవన్నీ చూసుకోవాల్సింది పంచాయతీయే. మరి డబ్బులెక్కడివి? 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం గ్రాంట్లలో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే ఖర్చు పెట్టాలని నిబంధన పెట్టారు. మిగతా 40 శాతం స్థానిక అవసరాలకు వాడుకునే వీలిచ్చారు.. జీతాలకు మాత్రం ముట్టుకోకూడదన్నారు. అంటే పంచాయతీ సొంతంగా పెట్టుకున్న సిబ్బందికి జీతాలివ్వాలంటే ఇంటి పన్ను లాంటి సొంత ఆదాయమే ఆధారం. బకాయిలు పేరుకుపోతే చెత్త బండికీ ఇబ్బందే. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు పెట్టారు. పన్ను వసూలు చూసేది కార్యదర్శి.. ఆ డబ్బు ఎటు పోయిందో గ్రామసభలో లెక్క అడిగే హక్కు ఊళ్లో ఓటర్లందరిదీ.