గోల్ఫ్ ఐరన్ల క్షమాగుణం

గోల్ఫ్ ఐరన్ల క్షమాగుణం అంటే, బంతి ఐరన్ ముఖం మధ్యన కాక పక్కగా తగిలినప్పుడు కూడా షాట్ పూర్తిగా చెడిపోకుండా కాపాడే లక్షణం. ఆంగ్లంలో దీనిని ఫర్గివ్‌నెస్ అంటారు. ఐరన్ అనేది మైదానం నుండి బంతిని గ్రీన్ మీదకు చేర్చడానికి వాడే, లోహపు తల గల గోల్ఫ్ క్లబ్. పాత ఐరన్లలో ఈ గుణం తక్కువగాను, ఆధునిక ఐరన్లలో ఎక్కువగాను ఉంటుంది. అయితే కొత్త ఐరన్లతో బంతి ఎక్కువ దూరం పోవడానికి ఇది ఒక్కటే కారణం కాదు.

పాత ఐరన్లు

పాతరకం ఐరన్లను కార్బన్ ఉక్కును పోతపోసి కాక, సాగగొట్టి తయారు చేసేవారు. వీటిని బ్లేడు అంటారు. తల చిన్నది, అడుగు సన్ననిది. బరువు ఎక్కువగా మధ్యభాగం వెనుక ఉంటుంది. బంతి సరిగ్గా మధ్యన తగిలితే షాట్ చక్కగా వస్తుంది. కుడిచేతి ఆటగాడు తల కొసతో కొడితే తల మెలితిరిగి, బంతి వేగం కోల్పోయి కుడివైపుకు పోతుంది.

భౌతిక సూత్రం

తల మెలితిరగకుండా అడ్డుకొనేది దాని జడత్వ భ్రామకం. ఇది బరువు మీదనే కాక, ఆ బరువు గురుత్వ కేంద్రం నుండి ఎంత దూరంలో ఉందనే దానిపై కూడా ఆధారపడుతుంది. దూరం రెట్టింపైతే ఆ భాగపు జడత్వ భ్రామకం నాలుగు రెట్లవుతుంది. ఉదాహరణకు, కావడిబద్ద రెండు కొసలకు బిందెలు కట్టినప్పుడు దానిని తిప్పడం కష్టం. అవే బిందెలను మధ్యకు జరిపితే సులభం.

ఆధునిక ఐరన్లు

ఈ సూత్రాన్ని ఐరన్లకు అన్వయించినవారిలో ముఖ్యుడు కార్స్టెన్ సోల్‌హైమ్ (1911-2000). నార్వేలో పుట్టి అమెరికాలో ఇంజనీరుగా పనిచేసిన ఇతడు పింగ్ సంస్థను స్థాపించాడు. తల వెనుక మధ్యభాగాన్ని తొలిచి, ఆ బరువును అంచులకు చేర్చాడు. 1969లో వచ్చిన పింగ్ కె1, 1982లో వచ్చిన పింగ్ ఐ2 ఐరన్లు ఈ రకానివే. పోతపోసే పద్ధతి వలన ఇటువంటి ఆకారాల తయారీ తేలికైంది. తరువాత వచ్చిన ఐరన్లలో అడుగును వెడల్పు చేసి, గురుత్వ కేంద్రాన్ని కిందికి దించారు. అందువలన బంతి సులభంగా పైకి లేస్తుంది, తల నేలలోకి దిగబడడం తగ్గుతుంది.

పోల్చడంలో జాగ్రత్త

ఐరన్ల మీద ఉండే సంఖ్యలకు స్థిరమైన ప్రమాణం లేదు. ముఖం వెనుకకు వాలిన కోణాన్ని లాఫ్ట్ అంటారు. పాత 7వ ఐరన్ లాఫ్ట్ సుమారు 38 డిగ్రీలు కాగా, నేడు సామాన్య ఆటగాళ్ల కొరకు చేసే 7వ ఐరన్లలో అది 30 డిగ్రీలు, కొన్నింటిలో ఇంకా తక్కువ. ఇది దాదాపు పాత 5వ ఐరన్‌తో సమానం. కనుక పాత, కొత్త 7వ ఐరన్లను పక్కపక్కన పరీక్షించి, అదనంగా వచ్చిన దూరాన్ని క్షమాగుణానికి ఆపాదించడం పొరపాటు. ఒకే లాఫ్ట్ గల ఐరన్లను తీసుకొని, మధ్యన తగిలిన షాట్లకూ పక్కగా తగిలిన షాట్లకూ మధ్య దూరంలోను, దిశలోను ఉన్న తేడాను చూడాలి. ఆ తేడా ఎంత తక్కువైతే క్షమాగుణం అంత ఎక్కువ.

పరిమితులు

క్షమాగుణం బంతి తగిలిన చోటులోని తప్పును మాత్రమే తగ్గిస్తుంది. ముఖం తప్పు దిశకు తిరిగి ఉంటే, లేదా ఊపు సరిగా లేకపోతే, ఏ ఐరనూ ఆ తప్పును సరిదిద్దలేదు. బంతిని కావాలని వంపు తిప్పి కొట్టడానికి, తగిలిన చోటును చేతికి స్పష్టంగా తెలుసుకోవడానికి బ్లేడులే అనువైనవని పలువురు నిపుణులైన ఆటగాళ్ల అభిప్రాయం.

తెలుగువారు - గోల్ఫ్

హైదరాబాదులో గోల్కొండ కోటకు చెందిన నయా ఖిలాలోను, విశాఖపట్నంలో ముడసర్లోవ వద్దను గోల్ఫ్ మైదానాలు ఉన్నాయి. తెలుగు కుటుంబానికి చెందిన అమెరికన్ ఆటగాడు సాహిత్ తీగల, పింగ్ ఐరన్లతో ఆడుతూ, 2023 సెప్టెంబరులో కాలిఫోర్నియాలో జరిగిన ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్‌లో తన మొదటి పీజీఏ టూర్ విజయాన్ని సాధించాడు.