మట్టిలో వెలసిన అమ్మ

మొఘల్‌పురాకు అనతిదూరమున హరిబౌలి అక్కన్న మాదన్న మహంకాళి ఆలయమును, లాల్‌దర్వాజా సింహవాహిని ఆలయమును ఉన్నవి. ఆషాఢమున బోనాల వేళ ఈ వీధులలో స్త్రీలు అమ్మకు కుండలో నైవేద్యము తలకెత్తుకొని వత్తురు. రంగమునాడు భవిష్యవాణి పలికే స్త్రీ నిలుచునది కాల్చని పచ్చికుండపై. అమ్మకు, మట్టికి గల ఈ చుట్టరికము ఏనాటిది?

కొంత సమాధానము మెతుకుసీమలోని కొండాపురములో లభించినది. 1940-41లో హైదరాబాదు పురావస్తుశాఖ అచట త్రవ్వించగా శాతవాహనకాలపు మట్టిబొమ్మలు బయల్పడినవి. మెత్తని తెల్లమట్టిని ముందువెనుకల రెండు అచ్చులలో ఒత్తి, అతికి, కాల్చిన బోలుబొమ్మలు వానిలో ఉన్నవి. కొన్ని స్త్రీమూర్తులను పరిశోధకులు మాతృదేవతలుగా గుర్తించిరి.

బొడ్డెమ్మ తీరు వేరు. భాద్రపద బహుళపక్షమున, బతుకమ్మకు ముందు, తెలంగాణపు కన్నెపిల్లలు పుట్టమన్ను తెచ్చి, పీటపై అంతస్తులుగా పేర్చి, పూలతో అలంకరించి, చుట్టూ ఆడిపాడుదురు. అచ్చు లేదు, ఆవము లేదు. ఆఖరునాడు అమ్మను నీటిలో కలుపుదురు.

ఇందు చరిత్రకారుడు గమనింపదగిన సంగతి యొకటి కలదు. కాలినమట్టి రెండువేల యేండ్లు నిలుచును. పచ్చిమట్టి వానకే కరగును. కనుక మనకు త్రవ్వకాలలో దొరికినది పూర్వుల ఆరాధనలో ఒక పాలు మాత్రమే. కొండాపురపు బొమ్మకును బొడ్డెమ్మకును నేరుగా వంశక్రమము కలదని మేము చెప్పజాలము. కాని బొడ్డెమ్మకు ఉన్న ఆధారమెల్ల తల్లి నుండి బిడ్డకు వచ్చిన చేతి అలవాటే. ఒక్క తరము ఆ మన్ను ముట్టకున్న, ఏ త్రవ్వకమును ఆ అమ్మను మరల చూపజాలదు.