మ్రొక్కుబడి పలకనుండి విశ్వఖ్యాతికి: ఫ్రీడా కాలో చిత్రకళ

భట్టిప్రోలు మహాస్తూపమును 1892లో అలెగ్జాండర్ రే త్రవ్వించినపుడు వెలువడిన ధాతుకరండములపై కుబీరకుడను రాజు పేరుతోపాటు గోష్ఠిసభ్యులైన సామాన్యుల పేర్లును చెక్కబడియున్నవి. వానితో లభించిన స్ఫటికముపై నందపుర స్త్రీల దానమును పేర్కొను వ్రాతయు కలదు. సమర్పించిన వస్తువుపైననే దాత తన మాటను నిలుపుకొను ఆచారము సముద్రములకు ఆవలనున్న మెక్సికోలోను మరియొక రూపమున వర్ధిల్లెను. రోగమునుండియో ప్రమాదమునుండియో బయటపడినవారు ఆ యాపదను చిన్న రేకుపలకపై బొమ్మగా వ్రాయించి, క్రింద తమ కృతజ్ఞతను నాలుగు పంక్తులలో చేర్చి, చర్చిగోడకు తగిలించుట అచటి పరిపాటి. పేరులేని గ్రామచిత్రకారుల చేతిలోని ఆ పలకను ఆధునిక చిత్రకళలో అగ్రస్థానమునకు గొనివచ్చిన ఘనత ఫ్రీడా కాలోది.

ఆమె 1907 జూలై 6న మెక్సికో నగరోపాంతమునగల కొయొవకాన్‌లో జన్మించెను. తండ్రి జర్మనీనుండి వలసవచ్చిన ఛాయాచిత్రకారుడు. ఆరవయేట పోలియో సోకి కుడికాలు సన్నబడినను, వైద్యురాలు కావలెనను సంకల్పముతో చదువుకొనుచున్న ఆ బాలిక, 1925 సెప్టెంబరు 17న తానెక్కిన బస్సును ట్రాము ఢీకొనగా, వెన్నెముకయు కటియెముకయు విరిగి, ఇనుపకమ్మి దేహమును దూసికొనిపోగా, నెలల తరబడి శయ్యాగతురాలాయెను. తల్లి పందిరిమంచపు కప్పునకు అద్దము బిగింపించి, పరుండి చిత్రించుటకు అనువగు చట్రమును చేయించెను. అద్దములోని ముఖమే ఆమెకు వస్తువాయెను. దాదాపు 143 చిత్రములలో 55 స్వీయచిత్రములే యగుటకు బీజ మిచటనే పడినది.

1929లో ఆమె తనకంటె ఇరువదియేండ్లకుపైగా పెద్దవాడైన డియేగో రివేరాను పెండ్లియాడెను. మెక్సికో విప్లవానంతరమున అతడు ప్రభుత్వభవనముల గోడలపై జాతిచరిత్రను బృహత్పరిమాణమున చిత్రించుచుండగా, ఆమె చిన్నరేకుపై తన దేహచరిత్రను చిత్రించెను. 1932లో డెట్రాయిట్‌లో గర్భస్రావమైన పిదప వ్రాసిన ‘హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రి’ ఇందుకు ప్రబలసాక్ష్యము. రక్తసిక్తమైన మంచముపై వివస్త్రయైన స్త్రీ. ఆమె చేతినుండి వెడలిన ఎఱ్ఱని త్రాళ్లకు గట్టబడి గాలిలో తేలు శిశువు, నత్త, పుష్పము, కటియెముక, యంత్రము. వెనుక దూరమున కర్మాగారములు. మ్రొక్కుబడి పలకలలో ఆకసమున ప్రత్యక్షము కావలసిన పుణ్యమూర్తి ఇందు లేడు, కృతజ్ఞతావాక్యమును లేదు. రక్షణ లభింపని ఆపదకును ఒక పలక ఉండవచ్చునని చూపుటయే, నా దృష్టిలో, ఆమె చేసిన మహత్తరమైన సాహసము.

1939లో, విడాకుల యేట, వెలసిన ‘ఇద్దరు ఫ్రీడాలు’ అను పెద్ద చిత్రమున ఐరోపా దుస్తులు ధరించిన స్త్రీయు, మెక్సికో సంప్రదాయమైన తెహువానా వేషము ధరించిన స్త్రీయు పక్కపక్కనే కూర్చుండగా ఒకే రక్తనాళము ఇరువురి హృదయములను కలుపుచున్నది. మరుసటి యేడు ఆమె రివేరానే మరల వివాహమాడెను. అధివాస్తవికోద్యమ నాయకుడైన ఆంద్రే బ్రెతాన్ ఆమెను తన వర్గమున జేర్చెను. తాను కలలను గాక తన వాస్తవమునే చిత్రించితినని ఆమె వాదము. ఉక్కుకవచము బిగించుకొని బ్రతికిన స్త్రీ వ్రాసిన ‘విరిగిన స్తంభము’ (1944) చూచినవారు ఆమె పక్షమునే వహింతురు.

1938లో న్యూయార్కులో ప్రదర్శన జరిగినను, స్వదేశమున తొలి ఏకవ్యక్తి ప్రదర్శనకు 1953 వఱకు వేచియుండవలసివచ్చెను. దానికామె మంచముమీదనే వచ్చెను. ఆ యేడే కాలు తొలగింపబడెను; 1954 జూలై 13న, నలుబదియేడేండ్ల ప్రాయమున, ఆమె మరణించెను.

పిదప చిరకాలము ఆమె రివేరా భార్యగానే స్మరింపబడెను. 1970 దశకపు స్త్రీవాదోద్యమమును, 1983లో హేడెన్ హెర్రేరా రచించిన జీవితచరిత్రయును ఆమెను ప్రపంచమునకు మరల పరిచయము చేసినవి. 2021లో ‘డియేగోయు నేనును’ అను స్వీయచిత్రము న్యూయార్కు వేలమున 3.49 కోట్ల డాలర్లు పలికెను. నేడు సంచులపైనను చొక్కాలపైనను ఆ ముఖము కనబడుచున్నది. కలిసిన కనుబొమలను ఎఱిగినవారిలో ఆ రేకుపలకల నెఱిగినవారు కొలదిమందియే యగుట విచారకరము. 1984లో మెక్సికో ప్రభుత్వము ఆమె కృతులను జాతీయ కళాసంపదగా ప్రకటించెను. ‘ఇద్దరు ఫ్రీడాలు’ మెక్సికో నగరమందలి ఆధునిక కళా మ్యూజియమునను, ఆమె పుట్టి మరణించిన నీలిగృహము 1958నుండి మ్యూజియముగాను చూపరులకు లభ్యమగుచున్నవి.