చావు పద్దు, నీటి పద్దు

ఊరిలో నెవరు మరణించిరో యొక పుస్తకము చెప్పును. వారు త్రాగిన నీరు ఎచ్చటిదో మఱియొక పుస్తకము చెప్పును. ఈ రెండును వేఱువేఱు కచేరీల బీరువాలలో నున్నంత కాలము మూగవే. ఒక్క బల్లపై చేర్చి చదివినప్పుడే వానికి నోరు వచ్చును. ఈ సత్యము 1854 వ సంవత్సరపు కలరా కాలమున లండను నగరమున ఋజువైనది.

ఇంగ్లండులో 1837 నుండి జనన మరణములను ప్రభుత్వ శాఖ యొకటి నమోదు చేయుచుండెను. ఆ లెక్కలను పరిశీలించు పండితుడు విలియం ఫార్. నీటి సరఫరా మాత్రము ప్రైవేటు కంపెనీల చేతిలో నుండెను. ఒకరి పద్దు మఱియొకరు చూచుట అరుదు. దుర్గంధపు గాలియే కలరాకు మూలమని నాటి పండితులలో పలువురి నమ్మకము. పేదవాడలలో చావు లధికమగుటకు వారి మురికియే హేతువని చెప్పి ఊరకుండువారును గలరు.

యార్కు పట్టణపు కూలివాని కుమారుడైన జాన్ స్నో అను వైద్యుడు దీనికి సమ్మతింపలేదు. కలరా నీటివలన వచ్చునని అతని వాదము. దక్షిణ లండనులో రెండు కంపెనీలు ఒకే వీధులలో నీరిచ్చుచుండెను. లాంబెత్ కంపెనీ 1852 లో తన నీటి రేవును థేమ్స్ నదికి ఎగువగా, నగరపు మురుగు చేరని చోటికి మార్చుకొనెను. సదర్క్ వాక్సాల్ కంపెనీ మాత్రము మురుగు కలియు బాటర్సీ వద్దనే తోడుచుండెను. గాలి యొక్కటే, వీధి యొక్కటే. ధనికుడును పేదయు ఇరువురి గొట్టములక్రిందను గలరు. భేదమెల్ల నీటిలోనే.

ఫార్ పండితునికి నాడు స్నో మతమందు విశ్వాసము లేదు. అయినను మరణించినవారి చిరునామాలను దాచక అతనికిచ్చెను. కలరా మరణము సంభవించిన ప్రతి యింటికి నీరిచ్చు కంపెనీ యేదో వ్రాయుడని రిజిస్ట్రార్లకు ఆదేశము పంపెను. స్నో ఇల్లిల్లు తిరిగెను. పన్ను యజమానియే చెల్లించుటచే చాల యిండ్లలో అద్దెవారికి కంపెనీ పేరే తెలియదు. అట్టిచోట నీటిలోని ఉప్పును పరీక్షించి తెలిసికొనెను. బాటర్సీ నీటిలో ఉప్పు రెండవదానికంటె సుమారు 40 రెట్లు అధికము.

తుదకు రెండు పద్దులు కలిసెను. మొదటి ఏడు వారములలో సదర్క్ వాక్సాల్ నీరు త్రాగిన 40,046 ఇండ్లలో 1,263 మరణములు. లాంబెత్ నీరు త్రాగిన 26,107 ఇండ్లలో 98 మాత్రమే. పదివేల యిండ్లకు 315 ఒకచోట, 37 మఱియొకచోట. మురికి యనియు విధి యనియు చెప్పుకొన్న చావులకు నీటి గొట్టము కారణమని తేలినది.

ఆ దినములలోనే సోహో పేటలోని బ్రాడ్ వీధిలో కలరా విజృంభించెను. స్నో మరణముల పట్టిక తెచ్చుకొని ఆ వీధి పంపును అనుమానించి స్థానిక సంఘమువారికి విన్నవించెను. సెప్టెంబరు 8 వ తేదీన పంపు పిడి తీసివేసిరి. అప్పటికే రోగము తగ్గుముఖము పట్టియుండెనని స్నో స్వయముగ అంగీకరించెను. అతని వాదమును ఖండింపబూనిన హెన్రీ వైట్‌హెడ్ అను పాదిరి ఇల్లిల్లు విచారించి, మరణముల రిజిస్టరులో నొక పసిబిడ్డ పద్దు చూచెను. ఆ బిడ్డ యింటి మురుగు గుంట నుండి మాలిన్యము బావిలోనికి ఊరుచున్నట్లు త్రవ్వకములో బయటపడినది. ఖండింపవచ్చినవాడే సాక్షి యయ్యెను.

స్నో 1858 లో మరణించెను. 1866 లో కలరా తూర్పు లండను పేదలపై బడినప్పుడు, ఫార్ తన మరణముల పట్టికలను నీటి సరఫరా వివరములతో పోల్చి, దోషము ఒక్క కంపెనీ నీటిలో గలదని చాటెను. వడపోయని నీరు ఇయ్యలేదని కంపెనీ మొదట బుకాయించినను, ఇండ్ల గొట్టములలో మలుగు చేపలు దొరకుటతో నిజము దాగలేదు. 1854 లో సందేహించిన పండితుడే 1866 లో ఆ సత్యమునకు అండయై నిలిచెను.

నేడు గ్రామమున పంచాయతీకి నీటి లెక్క, ఆరోగ్య ఉపకేంద్రమునకు రోగుల లెక్క, అంగన్‌వాడీకి పిల్లల తూకపు లెక్క గలవు. రోగి పేరు బయటబెట్టక, ఏ పేటలో ఏ జబ్బు అధికమో చెప్పుకొనిన చాలును. ముందుగ ఎవరిని ఆదుకొనవలయునో తెలియును. గ్రంథాలయపు బీరువాకు తాళము వేసినచో పుస్తకమునకు పాఠకుడు లేడు. పద్దును దాచినచో పేదవానికి దిక్కు లేదు.